మారే ప్రోటోకాల్‌కు మారగల డేటా వ్యవస్థ కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. కొత్త మందు ఒకటి ఇంతమందిలో పనిచేసిందనీ, ఇంత శాతం మేలు చేసిందనీ మీ పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా, ఆ శాతం ఏ ఫారాలలోనుంచి, ఎవరెవరి చేతుల మీదుగా, ఎన్ని దిద్దుబాట్లు దాటి అచ్చులోకి వచ్చిందోనన్న ఆలోచనే నాకు ముందు కలుగుతుంది. క్లినికల్ ట్రయల్స్ డేటా నిర్వహణే నా వృత్తి. ట్రయల్ గురించి రాసేవారు మందు గురించి, డాక్టర్ల గురించి, కంపెనీల గురించి రాస్తారు. సమాచారాన్ని పట్టి ఉంచే వ్యవస్థ గురించి ఎవరూ రాయరు. ఆ వ్యవస్థ సరిగా లేకపోతే మిగిలినవన్నీ ఎంత శ్రద్ధగా చేసినా ఫలితం తప్పుతుంది గనుక, ఈ విషయానికి మీ పాఠకుల ఉత్తరాల శీర్షికలో కొంచెం చోటివ్వమని కోరుతున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. ట్రయల్ నడుస్తుండగానే మారుతుంది. మారుతుందని అందులో పనిచేసే ప్రతివారికీ ముందే తెలుసు. అయినా దాని డేటా వ్యవస్థను మాత్రం ఎన్నటికీ మారని పనికోసం కట్టినట్టు కడుతున్నాం. మార్పు వచ్చిపడ్డాక ఆ వ్యవస్థను అప్పటికప్పుడు వంచుతున్నాం, వంచిన చోటల్లా సమాచారం విరుగుతోంది. మార్పు వస్తుందన్న లెక్కతోనే మొదటిరోజు నుంచి వ్యవస్థను రూపొందించాలి. వచ్చిన ప్రతి మార్పునూ రోగి చెప్పిన జవాబును దాచినంత జాగ్రత్తగా దాచాలి.

ట్రయల్ ఎలా మారుతుందో తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. ఎవరిని చేర్చుకోవాలి, ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలి, ఏ వారంలో ఏ పరీక్ష చేయాలి అన్నవన్నీ ప్రోటోకాల్ అనే పత్రంలో ముందుగా రాసుకుంటారు. దాన్నిబట్టి రోగి ఆసుపత్రికి వచ్చే ఒక్కో సందర్శనకు నింపవలసిన ఫారాలు, వాటినిబట్టి డేటాబేస్ తయారవుతాయి. నాలుగు నెలలు గడిచేసరికి ఊహించని దుష్ప్రభావం ఒకటి బయటపడి కాలేయ పరీక్ష అదనంగా పెట్టవలసి వస్తుంది. వయసు పరిమితి మరీ బిగుసుకుపోయి ఎవరూ చేరకపోతే దాన్ని సడలిస్తారు. నియంత్రణ సంస్థ ఇంకో కొలత కావాలంటుంది. ప్రోటోకాల్‌కు సవరణ వస్తుంది, ఆ సవరణ ఒకేరోజున అన్నిచోట్లా అమలులోకి రాదు. చాలాచోట్ల ఒక్కో ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ దాన్ని వేరుగా పరిశీలించి ఆమోదించాలి. ఒకచోట ఆమోదం రెండు వారాల్లో వస్తే, మరోచోట మూడు నెలలు పట్టవచ్చు. ఆమోదం వచ్చిన చోట కూడా, పాత సమ్మతి పత్రం మీద సంతకం చేసినవారు కొత్త పత్రం చదువుకుని మళ్లీ సంతకం చేస్తే తప్ప కొత్త పరీక్ష చేయడానికి వీలుండదు. అందువల్ల ఏదైనా ఒకరోజున, ఒకే ట్రయల్‌లో, ఒక ఆసుపత్రి రెండో ప్రోటోకాల్ ప్రకారం, మరో ఆసుపత్రి మూడో ప్రోటోకాల్ ప్రకారం నడుస్తుంటాయి. ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరికి వేర్వేరు ఫారాలు నింపవలసి రావచ్చు. "ఈ ట్రయల్ ఫారం ఏది?" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ఏ ఆసుపత్రిలో, ఏ వ్యక్తికి, ఏ తేదీన అని అడిగితేనే జవాబు చెప్పగలం. చాలా డేటాబేసులు మాత్రం ఒక్కటే ఫారం ఉంటుందన్న నమ్మకం మీద కట్టినవే.

ఆ నమ్మకం ఏం చేస్తుందో నా కళ్లతో చూసిన ఒక సంగతి చెబుతాను. ఏ సంస్థలో జరిగిందన్నది ఇక్కడ అవసరం లేదు. ఒక ట్రయల్ మొదటి ఫారంలో "పొగ తాగుతారా?" అన్న ప్రశ్న ఉండేది. అవునంటే 1, కాదంటే 2 అని డేటాబేస్‌లో చేరేది. కొన్ని నెలలకు పరిశోధకులకు అది చాలదనిపించింది. మానేసినవారిని, అసలు అలవాటు లేనివారిని ఒక్క గాటన కట్టడం సరికాదన్న వారి మాట న్యాయమైనదే. ప్రశ్నను మార్చి మూడు జవాబులు పెట్టారు: ఎన్నడూ తాగలేదు, ఒకప్పుడు తాగి మానేశారు, ఇప్పటికీ తాగుతున్నారు. వాటికి వరుసగా 1, 2, 3 అని సంఖ్యలిచ్చారు. పాత ప్రశ్న ఉన్న గడిలోనే కొత్త ప్రశ్నను పెట్టారు. ఆ క్షణంలో, అంతకుముందు "అవును, తాగుతాను" అని చెప్పిన ప్రతి మనిషీ తెర మీద "ఎన్నడూ తాగలేదు" అయిపోయాడు. "తాగను" అన్న ప్రతివారూ ఒకప్పుడు తాగి మానేసినవారైపోయారు.

దీన్ని ఎవరూ వెంటనే పసిగట్టలేదు. పసిగట్టడానికి ఆధారమేదీ మిగలలేదు కూడా. డేటాబేస్‌లో ఏ అంకెను ఎవరు ఎప్పుడు మార్చారో నమోదు చేసే ఆడిట్ ట్రైల్ ఉంటుంది. దాన్ని తెరిచి చూస్తే ఏమీ కనబడలేదు. కనబడదు మరి, ఎందుకంటే ఎవరూ ఏ అంకెనూ మార్చలేదు. 1 అన్నది 1 గానే ఉంది, మారింది 1కి అర్థం. చివరికి ఒక నర్సు ఫోన్ చేసి, ఒక రోగి పేజీలో పొగ ఎన్నడూ తాగలేదని ఉందనీ, కింది గడిలో రోజుకు 20 సిగరెట్లని తాను నింపిన అంకె ఉందనీ, ఈ రెండూ ఎలా పొసగుతాయనీ అడిగింది. ఆ ఒక్క ఫోన్ రాకపోతే ఆ తప్పు అలాగే విశ్లేషణలోకి వెళ్లిపోయేది. మేం కాగితాలు తిరగేసి, ఫారం మారిన తేదీని వెతికి పట్టుకుని, ఒక్కో ఆసుపత్రికీ ఉత్తరాలు రాసి సరిచేయడానికి వారాలు పట్టింది. మానేసినవారెవరో, అలవాటే లేనివారెవరో పాత జవాబుల నుంచి ఎలాగూ తెలియదు. అప్పటికి ట్రయల్ నుంచి వెళ్లిపోయినవారిని మళ్లీ అడగడానికి వీలులేకపోయింది.

ఇందులో నర్సు తప్పులేదు, ప్రోగ్రామర్ చెప్పిన పని చెప్పినట్టు చేశాడు, పరిశోధకులు అడిగినదీ న్యాయమే. తప్పంతా రూపకల్పనలో ఉంది. జవాబుకు చరిత్ర ఉంచాం కానీ ప్రశ్నకు చరిత్ర ఉంచలేదు. ఈ రంగంలో జరుగుతున్న పొరపాట్లలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇదే.

ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధన, మార్పు జరిగినప్పుడు అంతకుముందు నమోదైనది మరుగున పడకూడదని స్పష్టంగా చెబుతుంది. ఎవరు రాశారో తెలియాలి, చదవడానికి వీలుండాలి, జరిగిన వేళకే రాయాలి, మూలప్రతి అయి ఉండాలి, సరిగ్గా ఉండాలి అన్న ఐదు గుణాలను డేటా నిర్వహణలో పనిచేసేవారందరూ మొదటి పాఠంగా నేర్చుకుంటారు. ఈ సూత్రాలను మేం అంకెలకు, మాటలకు వర్తింపజేస్తున్నాం. ప్రశ్నలకూ, జవాబుల జాబితాలకూ, కొలతల హద్దులకూ, ఒక గడి నింపితే మరో గడి తెరుచుకునే నియమాలకూ అంతే కచ్చితంగా వర్తింపజేయాలి. ఒక్కో జవాబు పక్కనా అది ఏ ప్రశ్నకు, ఆ ప్రశ్న ఏ రూపానికి చెప్పిన జవాబో విడదీయలేనట్టుగా ఉండాలి. పాత ప్రశ్నకు వచ్చిన జవాబును కొత్త ప్రశ్న గడిలోకి తెచ్చే పని ఉంటే, ఏ నియమం ప్రకారం తెచ్చారో రాసిపెట్టి, తెచ్చినదాన్ని వేరే గడిలో ఉంచాలి. మూలం మూలంగానే మిగలాలి.

ఇది కొత్తగా కనిపెట్టవలసిన విద్య కాదు. ట్రయల్ డేటాకు ప్రమాణాలు తయారుచేసే, 1997లో మొదలైన సీడిస్క్ సంస్థ రూపొందించిన ఓడీఎం ప్రమాణంలో ఫారం నిర్మాణమే ఒక డేటాగా ఉంటుంది, దానికి సంచిక సంఖ్య ఉంటుంది, రోగి సమాచారం తాను ఏ సంచికకు చెందినదో చెప్పుకుంటుంది. 2004లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పుట్టి, ఇవాళ ఎన్నో దేశాల పరిశోధకులు వాడుతున్న రెడ్‌క్యాప్ అనే డేటా సేకరణ సాఫ్ట్‌వేర్‌లో, సమాచారం చేరడం మొదలయ్యాక ఫారం మారిస్తే ఆ మార్పు ముందు చిత్తుప్రతిగా నిలుస్తుంది. పాత జవాబు సంఖ్యకు కొత్త అర్థం అంటగడుతున్నట్టు కనిపిస్తే హెచ్చరిక వస్తుంది. నేను చెప్పిన పొగ తాగే ప్రశ్న అలాంటి హెచ్చరిక ముందు ఒక్క నిమిషం ఆగి ఉంటే చాలేది.

వ్యవస్థ మారగలిగేలా ఉండాలని నేను అంటే, కొందరు అయితే స్ప్రెడ్‌షీట్ ఉందిగా అంటారు. కావలసినప్పుడు కాలమ్ చేర్చుకోవచ్చు, వద్దనుకున్నప్పుడు తీసేయవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ స్వేచ్ఛే దాని ప్రమాదం. 2020 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇంగ్లండ్‌లో కోవిడ్ పాజిటివ్ వచ్చిన 15,841 కేసులు రోజువారీ లెక్కల్లోకి రాకుండా పోయాయి. 65,536 వరుసలకు మించి పట్టని పాత ఎక్సెల్ ఫైలు పద్ధతిని వాడడమే అందుకు కారణం. అది ట్రయల్ కాదు, ప్రజారోగ్య గణన. కానీ హద్దు దాటిన సమాచారాన్ని ఏ చప్పుడూ లేకుండా వదిలేసే సాధనం ఎక్కడున్నా అదే చేస్తుంది. ఎవరు మార్చారో చెప్పలేని, పాత విలువ చూపలేని, ఒకే పేరుతో నాలుగు కంప్యూటర్లలో నాలుగు రకాలుగా ఉండే ఫైలును నమ్మి ఒక మనిషికి ఇచ్చే మందు మోతాదును నిర్ణయించకూడదు.

రెండో కొసన, మరీ బిగుసుకున్న వ్యవస్థ చేసే హాని తక్కువేం కాదు. ఒకసారి ఒక వార్డులో ఫారాలు ఎలా నింపుతున్నారో చూడడానికి ఒక నర్సు పక్కన కూర్చున్నాను. మంచం మీద నుంచి కదపలేని రోగి. తెర మీద బరువు అడిగింది. ఆ రోజు బరువు చూడలేదు, చూసే వీలే లేదు. గడి ఖాళీగా వదిలితే తరువాతి పేజీ రాదు. చూడలేదని రాద్దామంటే అక్షరాలు పట్టవు. 999 కొడితే హద్దు దాటిందని ఎర్రటి వాక్యం వచ్చింది. ఆమె ఒక్క నిట్టూర్పు విడిచి, కిందటి సందర్శనలోని 58ని చూసి 58 అని నింపి ముందుకు వెళ్లింది. పక్కనున్న కాగితం అంచున మాత్రం పెన్సిలుతో "బరువు తీయలేదు, కదపలేని స్థితి" అని రాసుకుంది. నిజం కాగితం అంచున ఉంది. డేటాబేస్‌లోకి మాత్రం చూడడానికి నిజంలాగే కనిపించే అబద్ధం చేరింది. 999 అయితే ఎవరో ఒకరు పట్టుకునేవారు, 58ని ఎవరూ పట్టుకోలేరు. బరువునుబట్టి మోతాదు లెక్కగట్టే మందైతే దాని పర్యవసానం ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. నిజం చెప్పడానికి ఆమెకు చోటివ్వనిది మేం కట్టిన ఫారమే.

అందుకే ప్రతి గడికీ జవాబుతో పాటు జవాబు లేకపోవడానికి కారణం చెప్పే చోటు ఉండాలి. పరీక్ష చేయలేదు, చేసినా ఫలితం రాలేదు, రోగి వద్దన్నారు, ఈ వ్యక్తికి వర్తించదు, తెలియదు అన్నవి ఐదు వేర్వేరు సంగతులు. విశ్లేషణలో వాటిని ఐదు రకాలుగా చూడాలి. అన్నిటినీ ఒక్క ఖాళీ గడిలో కుక్కితే ఆ తేడాను తరువాత ఏ గణాంక పద్ధతీ తిరిగి తేలేదు. హద్దులు పెట్టవద్దని నేను అనడం లేదు. అసాధ్యమైనదాన్ని ఆపాలి, అరుదైనదాన్ని ఆపకుండా, ఇది నిజమేనా అని అడిగి, కారణం రాయించుకుని లోపలికి రానివ్వాలి. అరుదైన విలువే కొన్నిసార్లు మందు దుష్ప్రభావానికి తొలి సూచన అవుతుంది.

తేదీల విషయంలోనూ ఇదే జరుగుతుంది. తలనొప్పి ఎప్పుడు మొదలైందంటే రోగి "మార్చిలో అనుకుంటా" అంటారు. పూర్తి తేదీ ఇస్తే తప్ప ఒప్పుకోని గడిలో మార్చి 1 అనో, మార్చి 15 అనో పడుతుంది. మందు మొదలుపెట్టింది మార్చి 10న అనుకుందాం. మొదటి తేదీ పడితే తలనొప్పి మందుకు ముందరిది, రెండోది పడితే మందు తరువాతిది. మందు దుష్ప్రభావాల జాబితాలో అది చేరడం, చేరకపోవడం ఫారం నింపినవారి అలవాటు మీద ఆధారపడిపోతుంది. నెల వరకే తెలిస్తే నెల వరకే దాచగలగాలి. ఆ తరువాత దాన్ని ముందు లెక్కనో వెనుక లెక్కనో వేసుకోవాలంటే, ఆ నియమాన్ని విశ్లేషణ పత్రంలో బహిరంగంగా రాసి వేసుకోవాలి.

రక్తంలో గ్లూకోజును ఒక ప్రయోగశాల డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, మరొకటి లీటరుకు మిల్లీమోల్స్‌లో చెబుతాయి. రెండింటి మధ్య 18 రెట్ల తేడా. 99 అన్నా 5.5 అన్నా ఒకే స్థితి. వచ్చిన అంకెను, దాని ప్రమాణాన్ని, ఆ రోజున ఆ ప్రయోగశాల పాటించిన సాధారణ హద్దులను వచ్చినవి వచ్చినట్టే దాచి, మార్చిన అంకెను వేరే గడిలో ఉంచాలి. దుష్ప్రభావాల పేర్లకు వాడే మెడ్‌డ్రా నిఘంటువు ఏడాదికి రెండుసార్లు మారుతుంది గనుక, రోగి చెప్పిన మాటను ఒకచోట, దానికిచ్చిన సంకేతాన్ని నిఘంటువు సంచిక సంఖ్యతో సహా మరోచోట ఉంచాలి.

ఇక నిర్మాణం గురించి నా అభిప్రాయం చెప్పాలి, ఎందుకంటే దీనిమీద వృత్తిలో ఉన్నవారిలోనే రెండు వాదాలున్నాయి. పాత పద్ధతిలో ప్రతి ప్రశ్నకూ పట్టికలో ఒక కాలమ్ ఉంటుంది. చూడడానికి, లెక్కించడానికి సుఖం. ప్రశ్న చేరినప్పుడల్లా పట్టికనే పగలగొట్టాలి. రెండో పద్ధతిలో పట్టిక సన్నగా ఉంటుంది. ఎవరు, ఏ సందర్శన, ఏ ప్రశ్న, ఏ సంచిక, ఏ జవాబు అని ఒక్కో జవాబుకు ఒక్కో వరుస. ఎన్ని ప్రశ్నలు చేర్చినా పట్టిక మారదు, వరుసలే పెరుగుతాయి. కానీ ఆ పద్ధతిలో తేదీ గడిలో తేదీయే ఉందా అని డేటాబేస్ తనంతట తాను చూడలేదు, ఆ పనంతా పైనున్న ప్రోగ్రామ్ మోయాలి. విశ్లేషణకు ముందు వరుసలన్నిటినీ మళ్లీ కాలమ్‌లుగా తిప్పాలి. లక్షల వరుసల్లో ఒక రోగి కథను కూర్చడం నెమ్మదిగా సాగుతుంది. అన్నిటినీ సన్నటి పట్టికలో పోసి దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టినవారు తరువాత పడిన అవస్థ నాకు తెలుసు. ఏ ట్రయల్‌లోనైనా మారనివి కొన్ని ఉంటాయి. వ్యక్తి గుర్తింపు సంఖ్య, సమ్మతి, ఏ చికిత్స కేటాయించారు, సందర్శన తేదీలు, తీవ్రమైన దుష్ప్రభావాలు, మరణం. వీటిని గట్టి పట్టికల్లో, గట్టి నియమాలతో ఉంచాలి. మారేవాటిని, అంటే ప్రశ్నావళులను, అదనపు పరీక్షలను, ఉపపరిశోధనల కొలతలను, సన్నటి పట్టికలో ఉంచాలి. దేన్ని ఎక్కడ ఉంచాలన్న నిర్ణయాన్ని కంప్యూటరు నిపుణులకు ఒంటరిగా వదిలేయకూడదు. డాక్టరు, నర్సు, గణాంక నిపుణులు కూడా ఆ రోజు ఆ బల్ల దగ్గర ఉండాలి.

ఇది సాధ్యమేనా అని అడిగేవారికి రికవరీ ట్రయల్‌ను చూపుతాను. కోవిడ్ రోగుల మీద బ్రిటన్‌లో 2020 మార్చిలో మొదలైన ఆ ట్రయల్‌లో ఫారం చాలా చిన్నది. ఊపిరి తిప్పుకోలేనంత పనిలో ఉన్న వార్డుల్లో అంతకంటే పెద్దది ఎవరూ నింపలేరని నిర్వాహకులు గ్రహించారు. మిగిలిన సమాచారంలో చాలా భాగాన్ని ఆరోగ్య సేవల మామూలు రికార్డుల నుంచి తీసుకున్నారు. అదే ఏడాది జూన్ 16న డెక్సామెథసోన్ ఫలితం ప్రకటించారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో, మామూలు చికిత్స మాత్రమే పొందిన వర్గంలో 28 రోజుల్లో 41.4 శాతం మంది మరణించగా, డెక్సామెథసోన్ పొందిన వర్గంలో 29.3 శాతం మంది మరణించారు. ఆ మందు ఎప్పటినుంచో ఉన్నదే, చవకైనదే. అంత త్వరగా ఆ సంగతి తెలియడం వల్ల ప్రపంచమంతటా ఎందరో బతికారు.

నన్ను ఆకట్టుకున్నది ఆ వేగం ఒక్కటే కాదు. ఆ ట్రయల్ ఆగకుండానే మారింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చే వర్గాన్ని జూన్‌లో మూసేశారు, ఆస్పిరిన్‌ను నవంబరులో చేర్చారు, మధ్యలో మరికొన్ని వచ్చాయి. అన్ని ఆసుపత్రుల్లో అన్ని మందులూ ఉండవు. ఉన్నా కొందరు రోగులకు కొన్ని ఇవ్వకూడదు. అటువంటప్పుడు ఒక మందు పొందినవారిని ఎవరితో పోల్చాలి? అదే కాలంలో, అదే మందు తమకూ రాగల అవకాశం ఉండి, ఎవరికి ఏ చికిత్స అని చీటీలు తీసినట్టు కేటాయించినప్పుడు అది రానివారితోనే పోల్చాలి. నవంబరులో ఆస్పిరిన్ పొందినవారిని ఏప్రిల్‌లో మామూలు చికిత్స పొందినవారితో పోలిస్తే, ఆ మధ్యకాలంలో వైద్యం మెరుగుపడిన ఘనత ఆస్పిరిన్ ఖాతాలో పడుతుంది. కనుక ఏ రోగికి ఏ మందు వచ్చిందన్నది నమోదు చేస్తే చాలదు. ఆ రోగి చేరిన రోజున ఏయే మందులు అందుబాటులో ఉన్నాయి, వాటిలో ఏవేవి ఆ రోగికి తగినవి అన్నది కేటాయింపుకు ముందే నమోదు కావాలి. 2005లో బ్రిటన్‌లో ప్రొస్టేట్ క్యాన్సర్ మీద మొదలై, ఏళ్ల తరబడి కొత్త చికిత్సలను కలుపుకుంటూ సాగిన స్టాంపీడ్ ట్రయల్‌కూ ఇదే వర్తిస్తుంది. ఒకే చట్రంలో చికిత్సలు వస్తూ పోతూ ఉండే ఇటువంటి ట్రయల్స్ మరిన్ని వస్తాయి. వాటి కింద పాతకాలపు డేటాబేస్ పెడితే పోలికే తప్పిపోతుంది.

మారగల వ్యవస్థలో ఒక చోట మాత్రం గోడ మరింత గట్టిగా ఉండాలి. ఎవరికి అసలు మందు, ఎవరికి డమ్మీ మందు అన్నది రోగికీ డాక్టరుకూ తెలియకూడని ట్రయల్స్‌లో, కొత్తగా చేర్చిన ఒక్క ఫారం ఆ గుట్టును విప్పేయగలదు. ఫింగోలిమోడ్ వంటి మందు రక్తంలోని లింఫోసైట్లనే ఒక రకం తెల్లకణాల సంఖ్యను తగ్గిస్తుంది గనుక, ఆ సంఖ్య కనిపించే తెర వార్డులో అందరికీ తెరుచుకుంటే గోప్యత పేరుకే మిగులుతుంది. ఫారం మార్చినప్పుడల్లా, దీన్ని ఎవరు చూడవచ్చు అన్న నిర్ణయం కూడా ఆ మార్పులో భాగంగా, రాతపూర్వకంగా ఉండాలి.

సమ్మతి విషయం కొంచెం ఎక్కువ రాస్తున్నాను, క్షమించాలి. నాకు అన్నిటికంటే దగ్గరి విషయం ఇది. సమ్మతిని డేటాబేసులు ఒక తేదీ, ఒక టిక్కుగా చూస్తాయి. మనుషులు అలా సమ్మతించరు. ఈ ట్రయల్‌కు నా రక్తం వాడండి, భవిష్యత్తు పరిశోధనకు వద్దు అంటారు. ఫోన్ చేసి అడగవచ్చు గానీ ఇక ఆసుపత్రికి రాలేను అంటారు. మందు మానేస్తాను గానీ పరీక్షలకు వస్తాను అంటారు. వీరందరినీ "వైదొలిగారు" అన్న ఒక్క గడిలో వేస్తే, వస్తానన్నవారిని పిలవకుండా వదిలేస్తాం. వద్దన్నవారి నమూనాను మరో పరిశోధనకు పంపిస్తాం. మొదటిది శాస్త్రానికి నష్టం, రెండోది ఆ మనిషికి మనం ఇచ్చిన మాట తప్పడం. ఏ సంచిక సమ్మతి పత్రం, అందులో దేనికి ఒప్పుకున్నారు, దేనిని ఎప్పుడు వెనక్కి తీసుకున్నారు అన్నది విడివిడిగా ఉండాలి. ఒక పరీక్షను నమోదు చేయబోతే, దానికి ఈ వ్యక్తి ఒప్పుకున్నారా అని వ్యవస్థే ముందు చూసి చెప్పాలి.

ఇంత మారగల వ్యవస్థను పరీక్షించి నిరూపించడం కష్టమన్న అభ్యంతరం ఉంది. అది నిజమైన అభ్యంతరమే. ట్రయల్ సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు పనిచేస్తుందని ముందే రుజువు చూపాలి. మార్చిన ప్రతిసారీ మళ్లీ చూపాలి. అందుకని చాలామంది మార్పులనే వాయిదా వేస్తారు, లేదా మార్పును డేటాబేస్‌లో చేయకుండా వ్యాఖ్యల గడిలో రాయమంటారు. అక్కడ రాసినదాన్ని చివరికి ఎవరో కూర్చుని చేత్తో ఏరాలి. నా అనుభవంలో దీనికి మార్గం, ఫారాలను నడిపే మూల ప్రోగ్రామ్‌ను, అంటే ఇంజనును, ఒకసారి గట్టిగా పరీక్షించి, ఫారం నిర్వచనాలను దానికి బయట ఉంచడం. అప్పుడు మార్పు వచ్చినప్పుడు పరీక్షించవలసింది ఆ మారిన నిర్వచనాన్నే. కల్పిత రోగుల సమాచారం ఒకటి సిద్ధంగా ఉంచుకుని, పాత సంచికలో సగం నింపి, సంచిక మార్చి, మిగతా సగం నింపి, పాత జవాబులు చెక్కుచెదరలేదని చూడాలి. ఈ చివరి పరీక్షను చేసేవారిని నేను చాలా తక్కువగా చూశాను. అందరూ కొత్త ఫారం పనిచేస్తుందా అనే చూస్తారు.

మందుల నిబంధనలను దేశాల మధ్య సమన్వయపరిచే ఐసీహెచ్ సంస్థ మంచి క్లినికల్ ఆచరణ మార్గదర్శకం 1996లో వచ్చి, 2016లో సవరణ పొంది, 2025 జనవరిలో మూడో రూపం దాల్చింది. ఈ మూడో రూపంలో డేటా పాలనకు ఒక అధ్యాయమే కేటాయించారు. పెద్ద కంపెనీలు దాన్ని పాటించే ఏర్పాట్లు ఎలాగూ చేసుకుంటాయి. నా చింత ప్రజల డబ్బుతో, కళాశాలల్లో, చిన్న ఆసుపత్రుల్లో నడిచే ట్రయల్స్ గురించి. అక్కడ డేటా నిర్వాహకులను ప్రోటోకాల్ పూర్తయ్యాక పిలుస్తారు, ఫారాలు మూడు వారాల్లో కావాలంటారు. ప్రోటోకాల్ రాసేటప్పుడే వారిని కూర్చోబెట్టుకోవాలనీ, ఏవి మారవచ్చో అప్పుడే ఊహించి రాసుకోవాలనీ నిధులిచ్చే సంస్థలు షరతు పెట్టాలి. ఫలితాలతో పాటు ఖాళీ ఫారాలను, వాటి అన్ని సంచికలను, ఏ మార్పు ఏ తేదీన ఏ ఆసుపత్రిలో అమలైందన్న పట్టికను ప్రచురించాలి. అందులో రోగి రహస్యం ఏదీ ఉండదు, కంపెనీ రహస్యమూ పెద్దగా ఉండదు.

మీ విలేకరులకు కూడా ఒక మనవి. ట్రయల్ ఫలితాల సమావేశానికి వెళ్లినప్పుడు, మందు ఎంతమందిలో పనిచేసిందని అడిగిన తరువాత, ట్రయల్ నడుస్తుండగా ఫారాలు ఎన్నిసార్లు మారాయి, మారకముందు వచ్చిన జవాబులను ఏం చేశారు అని కూడా అడగండి. జవాబు వస్తే దాన్ని రెండు వాక్యాల్లో వార్తలో వేయండి. చెప్పలేకపోతే, చెప్పలేకపోయారని వేయండి.

ఇట్లు,
క్లినికల్ ట్రయల్స్ డేటా నిర్వహణలో పనిచేస్తున్న మీ పాఠకురాలు